ఎడమకు తిరిగే పుస్తకం

బావ కారు మట్టిలో గిర్రున వెనక్కి తిరిగి గట్టును గుద్దుకున్న రోజు నేను అక్కడ లేను. ఆవడి ఫ్యాక్టరీలో షిఫ్టులో ఉన్నాను. అక్క ఫోన్ చేసింది. ఏడవలేదు, అరవలేదు. బావకు భుజం దగ్గర ఎముక విరిగిందనీ, తిరుత్తణిలోనే కట్టు కట్టించామనీ చెప్పి, ఆఖర్న ఒక్క మాట అంది.

"ఇంకొక్క తూరి ఆ బండి ఎనక్కి తిరిగిందంటే పాత ఇనుముకు ఏసేస్తా. మీ బావకు చెప్పేసినా, నీకూ చెప్తాండా."

నాకెందుకు చెప్పిందో నాకు తెలుసు. నడిపేది బావే అయినా, ఆ బండిని కట్టింది మేమిద్దరం. పాడైపోయిన రెండు కార్లు తెచ్చి, ఒకదాని ఒళ్ళు, ఇంకొకదాని ఇంజను కలిపి, లోపల ఇనుప గొట్టాలతో పంజరం వెల్డింగ్ చేయించి, మూడేళ్ళ ఆదివారాలు దానికే పోశాము. మా వైపు పంట కోసిన తర్వాత ఖాళీగా పడి ఉన్న పొలాల్లో ఇట్లాంటి కార్లు ఏడెనిమిది చేరి మట్టిలో పందెం తోలుతాయి. ఇసుక మూటలే గోడలు, గుంజలకు కట్టిన ఎర్రగుడ్డలే గుర్తులు. గెలిచినవాడికి ఒక కప్పు, మెడలో ఒక పూలదండ. అంతకు మించి ఏమీ లేదు. అయినా కోత ముగిసిందంటే బావకూ నాకూ కాళ్ళు ఒకచోట నిలవవు.

మా బండికి ఉన్న జబ్బు ఒకటే. మలుపులో యాక్సిలేటర్ తొక్కగానే వెనక భాగం బయటికి జారిపోతుంది. కాస్త జారితే అందం, మట్టిలో బండి తిరిగేదే అట్లా. మాది కాస్తతో ఆగదు. తోక వచ్చి తల స్థానంలో నిలబడుతుంది. డిక్కీలో ఇసుక మూట వేయమని ఒకరు, టైర్లు మార్చమని ఒకరు చెప్పారు. నేను మాత్రం జబ్బు వెనక స్ప్రింగుల్లో ఉంది అన్నాను. ఎందుకన్నానంటే, చదివాను కాబట్టి.

చదువు గురించి కొంచెం చెప్పుకోవాలి. మాది మగ్గం నేసే ఇల్లు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. పదో తరగతి తర్వాత ఐటీఐ. తెలుగు అక్షరాలు నాకు ఎవరూ నేర్పలేదు. ఇరవై మూడేళ్ళప్పుడు తిరువళ్ళూరు లైబ్రరీలో, ఎవరూ ముట్టని తెలుగు బీరువా ముందు నిలబడి, పిల్లల పుస్తకంతో మొదలుపెట్టి నేనే నేర్చుకున్నాను. తర్వాత డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు. ఆవడి నుంచి తిరుత్తణికి పోయే రైలుబండిలో రోజూ తిరువళ్ళూరులో దిగిపోయి, లైబ్రరీ మూసేదాకా చదువుకుని, తర్వాతి బండి పట్టుకునేవాణ్ణి. నాతో పనిచేసేవాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వనీ అనుకునేవాణ్ణి. వాళ్ళకు తెలియనివి నాకు తెలుసు అనే గర్వం నాకు ఉండేది. ఇప్పుడూ ఉంది, కాకపోతే కొంచెం తగ్గింది. ఎందుకు తగ్గిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆ లైబ్రరీలోనే, ఎవరో దానం ఇచ్చిన పుస్తకాల వరసలో, గోధుమ రంగు గుడ్డతో బైండు చేసిన ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం దొరికింది. మట్టి బాటల్లో పరుగెత్తే కార్ల గురించి. దాన్ని ఇంటికి ఇవ్వరు, అక్కడే చదవాలి. మూడు వారాలు దాని ముందు కూర్చున్నాను. కూర్చున్నాను అనడం కూడా అబద్ధం. పది నిమిషాలు చదివి లేచి వరండాలో తిరిగేవాణ్ణి, మళ్ళీ వచ్చి ఒక పేరా నోటుబుక్కులో తెలుగులోకి ఎక్కించేవాణ్ణి. అక్క మాట చెవిలో ఉండేది. ఇంకొక్క తూరి.

పుస్తకం చెప్పిన సంగతి సులువైనదే. బండి మలుపు తిరిగేటప్పుడు బరువంతా బయటి చక్రాల మీదికి వాలుతుంది. వెనక బయటి స్ప్రింగు మరీ గట్టిగా ఉంటే ఆ చక్రం మట్టిని పట్టుకోలేక జారుతుంది. అది కొంచెం మెత్తగా ఉంటే, ఆ మూల కిందికి ఒరిగి టైరు నేలను కరుచుకుంటుంది. లోపలివైపు స్ప్రింగును ఇంకొంచెం గట్టిగా పెడితే, యాక్సిలేటర్ తొక్కినప్పుడు తోక నిలబడుతుంది. పక్కనే బొమ్మ. గుడ్డు ఆకారంలో బాట, దాని చుట్టూ బాణం గుర్తు, ఏ మూల ఎట్లాంటి స్ప్రింగో రాసి ఉంది. కుడి వెనక మెత్తన, ఎడమ వెనక గట్టి. ఆ బొమ్మను బాణంతో సహా దించుకున్నాను. ఆ అధ్యాయం మొదటి వాక్యం కూడా నా నోటుబుక్కులో నా చేతిరాతతోనే ఉంది: ఇందులో చెప్పినదంతా ఎడమకు తిరిగే బాటలకు. చదివాను, రాసుకున్నాను, పేజీ తిప్పాను.

స్ప్రింగుల కోసం తిరువళ్ళూరు పాత ఇనుము కొట్లన్నీ తిరిగాను. ఏడు దొరికాయి. వాటి గట్టితనం కొలవడానికి ఇంటి వెనక ఇనుప చట్రం ఒకటి చేసి, కింద లారీ జాకీ, దాని మీద మనుషులు ఎక్కి బరువు చూసుకునే మిషను, ఆపైన స్ప్రింగు పెట్టాను. జాకీతో ఒక అంగుళం నొక్కితే ముల్లు ఎంత చూపిస్తుందో, అది ఆ స్ప్రింగు లెక్క. నాయన మగ్గం దిగి వచ్చి చూశాడు. పడుగు బిగువును ఒక్క దారం మీటి చెప్పే మనిషి. స్పానరు తీసుకుని ఒక్కొక్క స్ప్రింగునూ టింగుమని కొట్టి విన్నాడు, వరసగా పేర్చి లోపలికి వెళ్ళిపోయాడు. మిషను చెప్పిన వరస, ఆయన పేర్చిన వరస ఒకటే అయ్యాయి. అందుకు సంతోషపడాల్సింది. నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది.

ఎడమవైపు కావలసినంత గట్టి స్ప్రింగు ఆ ఏడింటిలో లేదు. ఉన్నదాన్ని ముప్పాతిక చుట్టు కోయాలన్నాను. వెల్డింగ్ కొట్టు నడిపే అన్న ఒప్పుకోలేదు. కోస్తే బలం పోతుంది, మెత్తబడుతుంది అన్నాడు. కాదన్నా, చుట్లు తగ్గే కొద్దీ స్ప్రింగు గట్టిపడుతుంది, గ్యాసు మంట మాత్రం తగిలించొద్దు, తిరిగే కోత చక్రంతోనే కొయ్యి, నీళ్ళు పోస్తూ కొయ్యి అన్నాను. గొణుక్కుంటూనే కోశాడు. కోసినదాన్ని మిషను మీద పెట్టి నొక్కి చూపించాను. ముల్లు ఇంతకు ముందుకన్నా పైకి పోయింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఆ రోజు తిరుత్తణి వీధుల్లో నేను నడిచిన నడక నాకు గుర్తుంది. కాళ్ళు నేల మీద ఉన్నట్టు లేదు.

కట్టు విప్పిన రెండు వారాలకు బావ చెయ్యి దారికి వచ్చింది. ఒక ఆదివారం పొద్దున మూతపడిన ఇటుకల బట్టీ పక్క ఖాళీ నేలలో నాలుగు రాళ్ళు పెట్టి బాట గీశాను. బావ బండి ఎక్కి, స్టీరింగు తిప్పి, కుడివైపుకు బయలుదేరాడు. నేను చెయ్యి అడ్డం పెట్టి ఆపాను.

"ఎడమకు పో బావా."

"యాల? ఇట్ల పోతే ఏమి?"

"రేసంటే ఎడమకే. పుస్తకంలో ఉండాది."

బావ నా నోటుబుక్కు వైపు చూసి నవ్వాడు. "సరి. వాత్యార్ చెప్పినాక ఎదురు మాట్లాడేది ఎవురు" అని, బడి అయ్యవారి ముందు వంచినట్టు తల వంచి బండి తిప్పుకున్నాడు.

మొదటి రెండు చుట్లు మెల్లగా పోయాడు. మూడో చుట్టుకు తొక్కాడు. మలుపులో వెనక కుడి మూల కిందికి కూర్చుంది. తోక ఒక జానెడు బయటికి వచ్చి, అక్కడే ఆగి, బండిని లోపలికి తోసింది. ఇరవై చుట్లు తిరిగాడు. బండి ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. దిగాక బానెట్ మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. నేను మాత్రం మాట్లాడుతూనే ఉన్నాను. ఇంటికి చేరేదాకా స్ప్రింగుల గురించే చెప్పాను.

ఆ ఏడాది పందెం కనకమ్మసత్రం దాటినాక ఒక వేరుశనగ పొలంలో పెట్టారు. పొలం మాలాగా తెలుగు మాట్లాడే పెద్దాయనది. మధ్యలో ఒక వేపచెట్టు, దాని కింద పసుపు పూసిన ఏడు చిన్న రాళ్ళు, పొలం కాచే దేవతలు, కన్నెమ్మలు. బాట ఆ చెట్టు చుట్టూ గీశారు. అక్క కూడా వచ్చింది. ఇంతకు ముందు ఎప్పుడూ రాలేదు. టిఫిన్ క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని, టార్పాలిన్ నీడలో, బాట బాగా కనిపించే చోట కూర్చుంది. నేను కూర్చోలేకపోయాను. టైర్ల గాలి నాలుగుసార్లు చూశాను. బిగించిన నట్లనే మళ్ళీ బిగించాను.

పెద్దాయన రాళ్ళ ముందు కర్పూరం వెలిగించాడు. ఎనిమిది బండ్లూ వరసగా చెట్టు చుట్టూ మూడుసార్లు మెల్లగా తిరిగి వచ్చి గీత దగ్గర నిలిచాయి. అది నేను కళ్ళారా చూశాను. చూసి కూడా ఏమీ చూడలేదు. పుట్టినప్పటి నుంచీ మేము దేవుడి చుట్టూ తిరిగేది అట్లాగే, కుడిచేతి పక్కన పెట్టుకుని. కళ్ళకు అలవాటైనదాన్ని బుర్ర పట్టించుకోదు.

జెండా ఊపారు. మొదటి మలుపులో బావ తొక్కాడు. తోక జారింది, ఆగలేదు. బండి గిర్రున తిరిగి, వెనక వచ్చే బండ్లకు ఎదురుగా నిలబడిపోయింది. ఒకటి ఎడమ పక్కగా, ఒకటి చెయ్యంత దూరంలో కుడి పక్కగా దూసుకుపోయాయి. దుమ్ము. ఆ దుమ్ములో అక్క లేచి నిలబడటం మాత్రం కనిపించింది. బావ బండి తిప్పుకుని మళ్ళీ కలిశాడు. నాలుగో చుట్టులో మళ్ళీ అదే. అందరికంటే ఆఖర్న వచ్చాడు.

మధ్యాహ్నం భోజనాల తర్వాత ఎనిమిది బండ్లకూ ఇంకొక పందెం ఉంది. రెండూ కలిపే లెక్క. ఈ లోపల గంటన్నర. బావ హెల్మెట్ తీసి నీళ్ళు నెత్తిన పోసుకున్నాడు. "స్ప్రింగులు బాగుండాయి. నా కాలే తొందరపడింది" అన్నాడు. నాకు అది నిజం కాదని తెలుసు. బట్టీ దగ్గర అదే కాలు ఇరవై చుట్లు తొక్కింది. మరి ఏది తప్పు? మట్టి వేరా? గాలి ఎక్కువైందా? నోటుబుక్కు తీసుకుని బాట మీదికి పోయాను. ఒకచోట నిలబడితే పిచ్చెక్కేట్టు ఉంది. బొమ్మ చూసుకుంటూ, బాణం చూపించిన దారినే నడుస్తున్నాను. మొదటి మలుపు దాటి రెండోది మొదలుపెట్టేసరికి వేపచెట్టు నీడలో నుంచి పొలం పెద్దాయన పిలిచాడు.

"అట్ల కాదు నాయనా, ఇట్ల రా. అమ్మోళ్ళను కుడిచెయ్యి పక్కన పెట్టుకో. ఆ మాట మీదనే నేను పొలం ఇచ్చింది."

సరేనని వెనక్కి తిరిగాను. తిరిగి రెండు అడుగులు వేసి ఆగిపోయాను. నోటుబుక్కులో బాణం ఇటు. నా కాళ్ళు అటు. బట్టీ దగ్గర మేము తిరిగింది ఇటు. బండ్లు పొద్దున తిరిగింది అటు. పేజీ పైన నా చేతిరాతే: ఇందులో చెప్పినదంతా ఎడమకు తిరిగే బాటలకు. నేను మెత్తటి స్ప్రింగు పెట్టిన మూల ఈ పొలంలో లోపలి మూల. కోయించి గట్టి చేసిన స్ప్రింగు బయటి మూలలో ఉంది, ఎక్కడ ఉండకూడదో సరిగ్గా అక్కడ. బావ విరిగి అతికిన ఎముకతో దాని మీద కూర్చుని రెండుసార్లు గిర్రున తిరిగాడు.

పరుగెత్తాను. బండి దగ్గరికి పోయి, స్ప్రింగులు రెండూ అటుదిటు ఇటుదటు మార్చాలని బావకు చెప్పాను. ఎందుకన్నాడు. మనం కుడికి తిరుగుతున్నాం అన్నాను. బావ నా ముఖం చూశాడు. బట్టీ దగ్గర తను అడిగిన మాట గుర్తొచ్చిందని నాకు అర్థమైంది. జాకీ లాక్కున్నాడు.

అప్పుడే అక్క వచ్చింది. క్యారియర్ బానెట్ మీద పెట్టింది కానీ మూత తీయలేదు. పొద్దున బండి ఎందుకు తిరిగిందో చెప్పమని బావను అడిగింది.

"నా కాలే. కంగారుపడి తొక్కేసినా" అన్నాడు బావ, జాకీ తిప్పుతూనే.

"అయితే సరి. నడిపేటోడిదే తప్పయితే స్ప్రింగులు మారిస్తే ఏమొస్తాది. దించెయ్. ఇంటికి పోదాము."

బావ జాకీ తిప్పడం ఆపాడు. నా వైపు చూడలేదు. నేను నోరు విప్పకపోతే ఏమవుతుందో ముగ్గురిలో నాకే బాగా తెలుసు. బావ మంచితనం కింద నా తప్పు దాక్కుంటుంది, బండి సోమవారం ఇనుము కొట్టుకు పోతుంది, లైబ్రరీలో చదివినవాడన్న పేరు మాత్రం నాకు మిగులుతుంది. ఆ క్షణంలో ఆ పేరు నాకు ఎంత తీపిగా ఉందో రాయడానికి సిగ్గేస్తుంది.

"తప్పు బావది కాదక్కా, నాది" అన్నాను. చెప్పాను. స్ప్రింగుల లెక్క ఆమెకు అక్కర్లేదు. ఎడమ, కుడి అనేసరికి వినసాగింది.

"అమ్మోరిని ఎడమచేతి పక్కన పెట్టుకొని తిరిగే బండి కట్టినావా" అంది. "ఎవురూ అడగలేదా నిన్ను?"

"బావ అడిగినాడు. పుస్తకంలో ఉండాదని నేనే చెప్పినా."

అక్క బావను చూసింది. బావ నేలను చూస్తున్నాడు. ఆమె పెదవి ఒక మూల కదిలింది, నవ్వో కోపమో తెలియలేదు.

"ఆ పుస్తకం రాసినోళ్ళకు మన పక్క ఎట్ల తిరుగుతారో తెలీదు. దాంట్లో తప్పు లేదు. నీకు తెలుసు గదరా."

ఆమె క్యారియర్ మూత తీసి, అన్నం ముద్దలు చేసి, మా చేతులు నల్లగా ఉన్నాయని బావ నోట్లో ఒకటి, నా నోట్లో ఒకటి పెట్టింది. మార్చండి అంది. ఈసారి తిరిగితే మాత్రం తనను ఏమీ అడగొద్దంది.

పెద్ద పనేమీ కాదు, తొందర పని. బండి వెనక ఎత్తి, రెండు వైపులా షాక్ అబ్జార్బర్ల కింది బోల్టులు విప్పి, ఇరుసును కిందికి దించి, స్ప్రింగులు లాగి, అటుది ఇటు, ఇటుది అటు. సైలెన్సర్ గొట్టం తగిలి నా మోచెయ్యి కాలింది. కుడి బోల్టు ఒకటి మొరాయించింది. చివరి నట్టు బిగిస్తుంటే బండ్లను గీత దగ్గరికి రమ్మని పిలుపు వచ్చింది. రెండు చక్రాలనూ చేత్తో ఊపి చూసి వదిలాను.

పందెం పది చుట్లు. నేను అక్క పక్కన నిలబడ్డాను. కూర్చో అని తను అనలేదు. మొదటి మలుపు. వెనక ఎడమ మూల కిందికి కూర్చోవడం నాకు దుమ్ములోనుంచే కనిపించింది. తోక జానెడు వచ్చి ఆగింది. రెండో మలుపు, అంతే. ఆరో చుట్టులో తోక జానెడు దాటి, మూరెడు దాటి బయటికి వచ్చింది. అక్క నా కాలిన చేతినే పట్టుకుంది. బావ స్టీరింగు అటు తిప్పాడు, యాక్సిలేటర్ కొంచెం వదిలాడు, తోక మెల్లగా దాని చోటికి అది వచ్చేసింది. పదో చుట్టు ముగిసేసరికి ఎనిమిదిలో నాలుగో స్థానం. పొద్దుటిది కలిపితే కప్పు మాట ఎత్తే పనే లేదు.

బావ దిగి వచ్చాడు. అక్క ఖాళీ క్యారియర్ సర్దుకుంటూ, "తిరగలేదు" అంది. అంతే. బండి ఇంటి వెనకే ఉంది, టార్పాలిన్ కప్పుకుని.

తర్వాతి వారం లైబ్రరీకి పోయి ఆ పుస్తకం మళ్ళీ తెరిచాను. మొదటి వాక్యం అక్కడే ఉంది, కొంచెం కూడా దాక్కోలేదు. తర్వాతి అధ్యాయాలు కూడా చదివాను. రెండు పక్కలా తిరిగే బాటలకు స్ప్రింగులు ఎట్లా పెట్టాలో ఆ పుస్తకంలో అరపేజీ కూడా లేదు. అది ఇంకెక్కడో వెతకాలి, లేదా మిషను మీద నొక్కి, మట్టిలో తోలి కనుక్కోవాలి.

ఇప్పుడు ఏ పందేనికైనా ముందు రోజు నేను ఆ పొలానికి పోయి బాటంతా నడిచి వస్తాను. స్ప్రింగులు ఆ తర్వాతే. మింజూరు పక్కన ఒక పొలంలో ఈ నెలాఖరుకు పెడుతున్నారు. చెట్టూ లేదు, రాళ్ళూ లేవు, బాట పాములాగా రెండు పక్కలా మెలికలు తిరుగుతుందట. మూడు రోజులుగా నాకు పనిలో మనసు లేదు. నిన్న అక్క ఫోన్ చేసింది. బాగున్నావా అని కూడా అడగలేదు.

"ఏ పక్క తిరుగుడు?"

రెండు పక్కలా అంటున్నారు, నాకింకా తెలియదన్నాను. శనివారం పోయి నడిచి చూసి చెప్తానన్నాను.